పార్టీ పేరులో '&' ఉంటే బిల్లు రావడం లేదు, పైగా క్యాలిక్యులేటర్ తెరుచుకుంది!

ప్రశ్న: అత్తిలి దగ్గర మాదో రైస్ మిల్లు. ఇద్దరు పార్ట్‌నర్లం. బిల్లింగు, స్టాకు, కాటా చీటీలు అన్నీ నాలుగేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. పక్క ఊరి కుర్రాడు రాసిచ్చాడు. ఆఫీసు సిస్టమ్‌లో జాంప్ (మామూలు సిస్టమ్‌నే వెబ్ సర్వర్‌గా మార్చే ప్యాకేజీ) వేసి పెట్టాడు, బ్రౌజర్‌లో పనిచేస్తుంది. హైదరాబాద్‌లో ఉండే మా పార్ట్‌నరు ఫోన్‌లో చూసుకోవడానికి, డీలర్లు సొంతంగా పేరు నమోదు చేసుకుని ఆర్డర్లు పెట్టుకోవడానికి బయటి నుంచి కూడా తెరుచుకునేలా చేశాడు. ఈమధ్య ఓ కొత్త డీలరు 'ఫలానా & సన్స్' అని నమోదు చేసుకున్నాడు. ఆ పార్టీకి బిల్లు కొడితే పీడీఎఫ్ రాదు. '_సన్స్.పీడీఎఫ్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ ఏన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్' అని వస్తోంది. కుర్రాడికి ఫోన్ చేస్తే "ఏం కాదండి, & బదులు అండ్ అని కొట్టండి. ఇక ఆ గుర్తు పడకుండా లాక్ చేసేస్తాను" అన్నాడు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఉగాదికి వచ్చి ఇది చూశాడు. పార్టీ పేరు గడిలో ఏదో కొట్టాడు, సిస్టమ్‌లో దానంతటదే క్యాలిక్యులేటర్ తెరుచుకుంది. మా గుమాస్తా హడలిపోయాడు. "మామయ్యా, ఇది కమాండ్ ఇంజెక్షన్, ఎవడైనా మన సిస్టమ్‌లో ఏదైనా చేయొచ్చు" అంటున్నాడు మావాడు. ఇదే సాఫ్ట్‌వేర్ వాడే మరో నాలుగు మిల్లుల్లో కూడా ట్రై చేసి చూపిస్తానంటున్నాడు. దాళ్వా ధాన్యం దిగే రోజులు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆపితే మిల్లు ఆగినట్టే. ఎవరి మాట వినాలి?
(పేరు రాయవద్దన్నారు, పశ్చిమ గోదావరి)

సమాధానం:

మీ మేనల్లుడి మాట వినండి. ఆ నాలుగు మిల్లుల సంగతి తప్ప. దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు ఆ ఎర్రర్ మెసేజ్‌ని ఇంకోసారి చదవండి. తెలుగులో చెప్పాలంటే మీ సిస్టమ్ అంటున్నదిది: "_సన్స్.పీడీఎఫ్ చెయ్యమన్నారు, అలాంటి పని నాకు తెలీదు." సన్స్ అనేది మీ డీలరు పేరులో సగం. పేరు పేరులా ఉండక, చెయ్యాల్సిన పనిలా ఎలా మారింది?

మిల్లులోనే చూద్దాం. ముఠా మేస్త్రీకి మీరు రోజూ చీటీ రాసిస్తారు. '200 బస్తాలు ఎత్తించు. లారీ నంబరు:' అని. సీజన్‌లో తీరిక లేక చీటీల కట్ట మీద ముందే సంతకాలు పెట్టేసి, నంబరు చోటు ఖాళీగా వదిలి, "డ్రైవరు చేతే రాయించుకో" అన్నారనుకోండి. అందరూ నంబరే రాస్తారు. ఒకడు మాత్రం నంబరు రాసి, పక్కన చుక్క పెట్టి, 'తవుడు గది తాళం ఈ డ్రైవరుకివ్వు' అని కూడా రాశాడు. మేస్త్రీ చదువుకుంటూ పోయాడు. బస్తాలు ఎత్తించాడు, తాళం కూడా ఇచ్చేశాడు. అతన్ని ఏమనగలం? రాత ఎవరిదో అతను చూడడు, సంతకం ఎవరిదో చూస్తాడు.

మీ సిస్టమ్‌లో ఆ మేస్త్రీ ఉద్యోగం చేసేది కమాండ్ ప్రాంప్ట్. కంప్యూటర్ వాళ్లు షెల్ అంటారు. మీ సాఫ్ట్‌వేర్ బిల్లును పీడీఎఫ్ చేయడానికి వేరే చిన్న ప్రోగ్రామ్‌ని పిలుస్తోంది. 'ఈ బిల్లును పీడీఎఫ్ చేసి ఈ పేరుతో దాచు' అని ఒక వాక్యం తయారుచేసి, ఖాళీలో పార్టీ పేరు అతికించి షెల్‌కి అందిస్తోంది. విండోస్ షెల్‌కి & గుర్తు ఎదురైతే 'ఒక పని అయింది, తర్వాతది మొదలుపెట్టు' అని అర్థం. లినక్స్‌లో అయితే ఆ పని సెమికోలన్ చేస్తుంది. అందుకే 'ఫలానా_' దాకా ఒక పని అనుకుంది, '_సన్స్.పీడీఎఫ్' రెండో పని అనుకుంది. అలాంటి ప్రోగ్రామ్ లేదు కాబట్టి తెలీదంది. మీ మేనల్లుడన్న కమాండ్ ఇంజెక్షన్ ఇదే. బిల్లులు దాచే ఫోల్డర్‌లో చివర పీడీఎఫ్ అని లేకుండా 'ఫలానా_' అనే ఫైలు ఒకటి పడి ఉందేమో చూడండి.

ఆ మెసేజ్‌లో సన్స్ ముందు ఉన్న అండర్‌స్కోర్ గీత నన్ను కాసేపు ఆపింది. డీలరు పేరులో గీత లేదు. అంటే ఖాళీ ఉన్న చోటల్లా గీత పెట్టమని కుర్రాడే రాశాడు. పేరులో ఖాళీలుంటే పీడీఎఫ్ రావడం లేదని ఒకప్పుడు అతనికి తెలిసింది. అప్పుడు ఖాళీని సరిచేసి ఊరుకున్నాడు, ఇప్పుడు &ని సరిచేస్తానంటున్నాడు. గట్టుకు పడ్డ బొరియల్లో ఒక్కొక్కదానికి గుడ్డ కుక్కుతున్నాడు. మీ మేనల్లుడికి కూడా ఆ గీత అర్థమైందని నా అంచనా. ఖాళీలు లేకుండా, కాల్క్ అనే మాటకి అటూ ఇటూ & తగిలించి '&కాల్క్&' అని కొట్టి ఉంటాడు. లేకపోతే క్యాలిక్యులేటర్ తెరుచుకోదు. చురుకైనవాడే.

(ఇంకో మాట. మన వ్యాపారాల్లో & కో, & సన్స్, & బ్రదర్స్ లేని ఊరుందా? ఆ ఒక్క గుర్తు పడితే కూలబడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లు నడిచిందంటే, మీ గుమాస్తాగారు ఇన్నాళ్లూ 'అండ్ సన్స్' అని కొట్టడం వల్లే అయ్యుంటుంది. డీలర్లు సొంతంగా పేర్లు కొట్టుకోవడం మొదలయ్యాక బయటపడింది.)

అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆ గడి గుమాస్తాగారి చేతిలో ఉన్నంతకాలం అది పెద్ద ముప్పు కాదు. ఇప్పుడు అది ఊరూ పేరూ తెలియని ఎవరి ముందైనా తెరిచి ఉంది. మీవాడు క్యాలిక్యులేటర్ అన్నాడు కాబట్టి క్యాలిక్యులేటర్ వచ్చింది. వేరేవాడు 'ఫలానా చోటి నుంచి ఈ ఫైలు తెచ్చి నడుపు' అంటే అదీ జరుగుతుంది. జాంప్‌ని ఏ లాగిన్‌లో నడిపిస్తే ఆ లాగిన్‌కి ఉన్న అధికారమంతా వాడిదవుతుంది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌లోనే నడుస్తోందా? అదే సిస్టమ్‌లో ట్యాలీ ఉందా, బ్యాంకు పని కూడా అందులోనే చేస్తున్నారా, డిజిటల్ సంతకం టోకెన్ రోజంతా దానికే గుచ్చి ఉంటోందా? చాలా మిల్లు ఆఫీసుల్లో ఈ మూడూ ఒకే బల్ల మీద ఉంటాయి, అందుకే అడుగుతున్నాను.

కుర్రాడు చెప్పిన 'లాక్' విషయానికొద్దాం. ఆ గుర్తు కొట్టనివ్వకుండా పేజీలో అడ్డు పెడతాడు. ఆ అడ్డు ఉండేది డీలరు ఫోన్‌లో తెరుచుకున్న పేజీలో. తెలిసినవాడు పేజీ తెరవకుండానే నేరుగా మీ సిస్టమ్‌కి సమాచారం పంపగలడు. సరే, సిస్టమ్ వైపే అడ్డు పెట్టాడనుకుందాం. & పోతే నిలువు గీత ఉంది, అది పోతే ఇంకోటి ఉంది. పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెడతానంటే, పేరులోనే కొటేషన్ గుర్తు కొట్టి బయటికి రావచ్చు.

గుర్తుల్ని నిషేధించే పద్ధతి ఎంత బలహీనమో చెప్పడానికి పీహెచ్‌పీ కథే ఉంది. జాంప్ అన్నారు కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ రాసింది ఆ భాషలోనే అయ్యుంటుంది, అందుకే చెబుతున్నాను. 2012లో పీహెచ్‌పీని సీజీఐ పద్ధతిలో (వెబ్ సర్వర్ దాన్ని విడి ప్రోగ్రామ్‌లా పిలిచే పద్ధతి) నడిపేచోట ఒక లోపం బయటపడింది. వెబ్ చిరునామా చివర అడ్డగీతతో మొదలయ్యే మాట పెడితే, దాన్ని పీహెచ్‌పీ తనకిచ్చిన ఆజ్ఞగా తీసుకునేది. అడ్డగీతను పట్టుకుని ఆపేలా సరిచేశారు, అంతా మరిచిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, తైవాన్‌కి చెందిన డెవ్‌కోర్ సంస్థ పరిశోధకుడు ఆరెంజ్ త్సాయ్ అదే దారిని మళ్లీ తెరిచి చూపించాడు. 'సాఫ్ట్ హైఫన్' అని వేరే అక్షరం ఉంది. తనిఖీ చేసే చోట అది అడ్డగీత కాదు, కాబట్టి వదిలేశారు. లోపలికి వెళ్లాక కొన్ని భాషల విండోస్‌లో అది దానంతటదే మామూలు అడ్డగీతగా మారిపోతోంది. చైనీస్, జపనీస్ విండోస్‌లో కచ్చితంగా పనిచేస్తుందని తేలింది. దాన్ని సరిచేసే ప్యాచ్ వచ్చిన కొద్ది రోజులకే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు దాన్ని వాడుకున్నాయి. పీహెచ్‌పీని రాసేవాళ్లకే ఒక్క గీతను ఆపడం ఇంత కష్టమైతే, మనవాడు ఎన్ని గుర్తుల్ని ఆపగలడు?

ఆ లోపం జాంప్ మామూలు అమరికలోనే ఉండేది. మీది ఇంగ్లీష్ విండోస్ అయ్యుంటుంది కాబట్టి భయం తక్కువే. అయినా మీ పీహెచ్‌పీ వెర్షన్ 8.1.29, 8.2.20, 8.3.8 కంటే పాతదైతే మార్పించండి. నాలుగేళ్ల కిందట వేసింది తప్పకుండా పాతదే.

మరి సరైన మరమ్మతు ఏమిటి? తేలికైనది చెబుతాను. పీడీఎఫ్ ఫైలుకి పార్టీ పేరు ఎందుకసలు? బిల్లు నంబరు పెడితే చాలు. ఆ నంబరు సాఫ్ట్‌వేర్ తనే ఇస్తుంది, బయటివాడి చెయ్యి పడదు. పేరు బిల్లు లోపల అచ్చవుతుంది, షెల్ దరిదాపులకి రాదు. సగం గొడవ దీంతోనే పోతుంది. డీలరు పేరు జీఎస్టీలో & తోనే ఉండి ఉంటుంది, కాబట్టి బిల్లు మీద దాన్ని 'అండ్' చేయమనడం కూడా నాకు నచ్చలేదు.

మిగతా సగం, షెల్‌ని మధ్యలోంచి తీసేయడం. బయటి ప్రోగ్రామ్ లేకుండా పీహెచ్‌పీలోనే పీడీఎఫ్ చేసే లైబ్రరీలున్నాయి. కుర్రాడు అవి వాడకపోవడానికి కారణం నేను ఊహించగలను. కొన్నిటిలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడి 'అక్షరాలు విరిగిపోయాయి' అని మీలాంటివాళ్లే తిడతారు. ఎంపీడీఎఫ్ అనే లైబ్రరీ తెలుగుని సరిగ్గానే కూర్చగలదు, చూడమనండి. బయటి ప్రోగ్రామే కావాలంటే, పీహెచ్‌పీ 7.4 నుంచి 'ప్రాక్ ఓపెన్' అనే ఆజ్ఞకి ఒక్కో ముక్కనీ విడిగా జాబితాలా ఇచ్చే వీలుంది. అలా ఇస్తే షెల్ జోక్యం ఉండదు, పేరు పేరులాగే వెళ్తుంది. చీటీ రాయకుండా ప్రతి వివరానికీ వేరే గడి ఉన్న అచ్చు ఫారం ఇచ్చినట్టన్నమాట. పిలిచేది మాత్రం .బ్యాట్ ఫైలు (షెల్ ఆజ్ఞలు రాసిపెట్టిన ఫైలు) కాకూడదు. విండోస్‌లో దానికి మళ్లీ షెల్ వచ్చి తగులుకుంటుంది.

బిల్లు ఒక్కటే సరిచేసి ఊరుకోనివ్వకండి. బ్యాకప్ బటన్, ఎస్సెమ్మెస్ పంపేది, బార్‌కోడ్, కాటా చీటీ ప్రింటు, అన్నిచోట్లా ఇదే అలవాటు ఉంటుంది. ప్రోగ్రామ్ మొత్తంలో బయటి ప్రోగ్రామ్‌ని పిలిచే మాటలు, అంటే ఎగ్జెక్, షెల్ ఎగ్జెక్, సిస్టమ్, పాస్‌త్రూ, పోపెన్, ప్రాక్ ఓపెన్, బ్యాక్‌టిక్ గుర్తు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి మీ ఎదురుగా చూపించమనండి. పేర్లను వాక్యాల్లో అతికించే చెయ్యి డేటాబేస్ దగ్గర కూడా అతికించే ఉంటుంది. అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. అదీ చూడమనండి.

ఇవన్నీ అవడానికి రోజులు పడతాయి. మీరు ఈరోజే చేయాల్సింది వేరు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ అని ఉంటుంది, బయటివాళ్లకి తెరిచిన దారి అదే అయ్యుంటుంది. దాన్ని తీసేయించండి, అయిదు నిమిషాల పని. మిల్లు ఆగదు. ఆఫీసులో బిల్లులు, కాటా చీటీలు ఎప్పట్లాగే వస్తాయి. హైదరాబాద్ పార్ట్‌నరుగారికి సాయంత్రం స్టాకు కాగితం వాట్సాప్‌లో పెట్టండి. తర్వాత వీపీఎన్ (మీవాళ్లకి మాత్రమే తెరుచుకునే ప్రైవేటు దారి) పెట్టించుకోవచ్చు. డీలర్లు కొన్ని వారాలు ఫోన్‌లో ఆర్డరు చెబితే కొంపలేం మునగవు, నాలుగేళ్ల కిందటి దాకా అలాగే చెప్పారుగా. టోకెన్ పనయ్యాక తీసి బీరువాలో పెట్టండి, బ్యాంకు పని వేరే సిస్టమ్‌కి మార్చండి. డేటా మొత్తం ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసుకుని, ఆ డిస్క్‌ని సిస్టమ్ నుంచి పీకి పక్కన పెట్టండి. గుచ్చి ఉంచితే, ఫైళ్లకి తాళం వేసే రాన్సమ్‌వేర్ దానికీ వేస్తుంది.

ఇప్పటికే ఎవరైనా వచ్చి వెళ్లారా అనేది తర్వాతి ప్రశ్న. కుర్రాడు వచ్చి ఏదీ చెరపకముందే జాంప్ లాగ్ ఫైళ్లు (ఎవరెప్పుడు వచ్చారో రాసిపెట్టేవి) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి, మేనల్లుడు చేస్తాడు. బయటి నుంచి ఫైళ్లు దించుకోవడానికి దుండగులు వాడే పవర్‌షెల్, సర్ట్‌యుటిల్, కర్ల్ లాంటి మాటలు అందులో కనబడితే అనుమానించాలి. లాగ్ శుభ్రంగా ఉంది కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఫారంలో నింపి పంపిన సమాచారం మామూలుగా ఆ లాగ్‌లోకి ఎక్కదు. దానికంటే మంచి సాక్ష్యం మీ దగ్గరే ఉంది, పార్టీల జాబితా. ఎవరైనా ప్రయత్నించి ఉంటే ఆ వింత పేరు అక్కడే పార్టీగా నమోదై ఉండాలి. గుమాస్తాగారిని కూర్చోబెట్టి, గుర్తుపట్టలేని పేర్లన్నీ తీయించండి. ధాన్యం కొట్లో పురుగు చూసే కళ్లు కాబట్టి గంటలో తేల్చేస్తారు. మేనల్లుడు కొట్టినది కూడా అందులో ఉంటుంది, దాన్ని పక్కన రాసుకోండి. ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఈమధ్య తేదీలతో కొత్త పీహెచ్‌పీ ఫైళ్లు, విండోస్‌లో తెలియని లాగిన్లు, ఎవరూ పెట్టని షెడ్యూల్డ్ టాస్కులు, పనేం లేకపోయినా ఫ్యాన్ హోరెత్తడం, ఇవీ చూడాలి.

ఏదైనా దొరికితే, మరమ్మతు చేసి అదే సిస్టమ్‌తో సర్దుకుపోకండి. బ్యారకుడా అనే అమెరికా సంస్థ ఈమెయిళ్లను వడగట్టే పెట్టెలు అమ్ముతుంది. మెయిల్‌కి తగిలించిన టార్ ఫైలు (అనేక ఫైళ్లని ఒక కట్టగా కట్టింది) లోపలి ఫైళ్ల పేర్లనే ఆజ్ఞలుగా నడిపేలా వాటిలో లోపం ఉందని 2023 మేలో బయటపడింది. మీ కేసుకి పెద్దన్న లాంటిది, అక్కడా పేరే. 2022 అక్టోబరు నుంచే దుండగులు వాడుకుంటున్నారని తేలింది. ప్యాచ్ ఇచ్చిన ఆ కంపెనీయే తర్వాత, దుండగులు చొరబడిన పెట్టెల్ని ప్యాచ్ వేసినా సరే పూర్తిగా మార్చేయాలని చెప్పింది. దొంగ లోపలే ఉండగా బయట గొళ్లెం బాగుచేస్తే ఏం లాభం? మీ విషయంలో అంటే విండోస్ కొత్తగా వేసుకుని, డేటా మాత్రం తెచ్చుకుని, పాస్‌వర్డులన్నీ మార్చుకోవడం. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. చొరబాటు జరిగినట్టు తేలితే, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం, తెలిసిన 6 గంటల్లోగా చెప్పాలి.

కుర్రాడి గురించి. అతన్ని దొంగలా చూడకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఫైలు పేరు అడిగి దాన్ని జిప్ చేసిచ్చే పేజీ ఒకటి రాశాను. గర్వంగా మా సీనియర్‌కి చూపించాను. ఆయన ఫైలు పేరు, పక్కన సెమికోలన్, పక్కన ఇంకేదో కొట్టాడు. సర్వర్ మీద ఎవరెవరికి లాగిన్లున్నాయో ఆ జాబితా అంతా తెరమీదకి జారింది. నన్ను ఒక్క మాట అనలేదు. "రా, టీ తాగొద్దాం" అన్నాడంతే. ఆ టీ నాకు గొంతు దిగలేదు. మీ కుర్రాడికి అలాంటి సీనియర్ దొరక్కపోయి ఉండొచ్చు. ఇది కొత్త సదుపాయం కాదు, అతని పనిలో లోపం, కాబట్టి మరమ్మతుకి డబ్బడగడం న్యాయం కాదు. ఏఎంసీ (ఏటా డబ్బు కట్టే నిర్వహణ ఒప్పందం) లేకుండా నాలుగేళ్లు ఫోన్ ఎత్తుతూ వచ్చాడంటే మాత్రం, అతని రోజుల కూలి లెక్కగట్టి ఇవ్వడం మీ మర్యాద. "అదంతా ఎవడు చేస్తాడండీ, ఏం కాదు" అని ఇంకోసారి అంటే వేరేవాళ్లని వెతుక్కోండి.

ఇక ఆ నాలుగు మిల్లులు. మేనల్లుణ్ని అక్కడ చెయ్యి పెట్టనివ్వకండి. మీ సిస్టమ్‌లో మీ ఎదురుగా కొట్టాడు, అది వేరు. యజమాని ఒప్పుకోకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశమని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మంచికే చేశానంటే వినేదెవరు? మీ మేనల్లుడికి ముందు క్యాంపస్ ఇంటర్వ్యూలున్నాయి. ఆ మిల్లులవాళ్లు మీకు తెలిసినవాళ్లేగా. మీరే ఫోన్ చేసి, బయటి దారి మూయించుకోమని, సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని పిలిపించుకోమని చెప్పండి. ఏం కొడితే ఏం తెరుచుకుంటుందో ఫోన్లో చెప్పకండి, కాటా దగ్గర అసలు చెప్పకండి.

మరమ్మతు అయ్యాక మేనల్లుణ్ని, సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ముందు 'ఫలానా & సన్స్' పేరు మీద బిల్లు కొట్టించండి. &తో సహా పేరు అచ్చుపడాలి. తర్వాత '&కాల్క్&' అని పార్టీ నమోదు చేయించి దానికో బిల్లు కొట్టించండి. ఆ వింత పేరుతోనే బిల్లు రావాలి, క్యాలిక్యులేటర్ రాకూడదు. వచ్చాక ఆ బిల్లు రద్దు చేయమని గుమాస్తాగారికి గుర్తుచేయండి, లేకపోతే నెలాఖరున జీఎస్టీ లెక్కల్లో తేలుతుంది.